నెత్తి మీది మోపు దిగితేనే మెడ నొప్పి దిగుతుంది



పోయిన నెల ఒకే వారంలో మన గ్రూపుకు మెడ నొప్పి మీద నాలుగు గొంతు సందేశాలు వచ్చినాయి. చింతామణి పక్క నుంచి ఒక అక్క, "మెడ తిప్పేదానికి కాకుండా ఉండాది, ఏం మాత్ర ఏసుకోవాల?" అని అడిగింది. హోసూరు పక్క అన్న ఒకాయన, కుడి భుజం నుంచి చెయ్యి దాకా లాగుతోందని చెప్పినాడు. నలుగురూ నాలుగో జ్వరం లేపుకొని పెద్ద మేతలో ఉన్నవాళ్ళే. జవాబుగా గ్రూపులో మాత్రల పేర్లు, తైలాల పేర్లు వరసగా వచ్చిపడ్డాయి. "మోపు ఎవరు మోస్తాండారు? ఎట్లా మోస్తాండారు?" అని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. మేమూ అడగలేదు. ఆ తప్పు దిద్దుకోవడానికే ఈ ఉత్తరం.

మా మాట ముందే చెప్పేస్తాం. పురుగులు మేపే ఇళ్ళల్లో వచ్చే మెడ నొప్పి చాలావరకు పనిలో నుంచి వస్తుంది. కాబట్టి దాని మందు కూడా చాలావరకు పనిలోనే ఉంది: తోట నుంచి షెడ్డుకు ఆకు వచ్చే దారిలో, స్టాండు ఎత్తులో, గూళ్ళు ఒలిచేటప్పుడు కూర్చునే తీరులో, రాత్రి తల కింద పెట్టుకునే దిండులో. వీటన్నిటిలో మొదటిది నెత్తి మీది మోపు. దాన్ని దించకుండా ఎన్ని తైలాలు రుద్దినా, తెల్లారి మళ్ళీ మోపు ఎత్తుకోగానే నొప్పి మొదటికొస్తుంది.

మెడ మీద ఎంత బరువు పడుతోంది?

మెడలో ఉండేవి ఏడు చిన్న ఎముకలు. వాటి మధ్య మెత్తటి దిండ్ల లాంటి చక్రాలు, పక్కల నుంచి చేతుల్లోకి పోయే నరాలు. వీటి పని నాలుగున్నర, ఐదు కిలోల తలను నిలబెట్టడం. తల నిటారుగా ఉంటే ఆ బరువు ఎముకల మీద సర్దుకుంటుంది. తల ముందుకు వంగితే వెనక కండరాలు దాన్ని పడిపోకుండా పట్టుకోవాలి. న్యూయార్కులో ఒక వెన్నెముక సర్జన్ 2014లో దీనికి కంప్యూటర్ మీద లెక్క కట్టినాడు. తల 60 డిగ్రీలు వంచితే మెడ మీద పడే భారం సుమారు 27 కిలోలకు సమానమని ఆయన లెక్క. అది లెక్కే గాని కొలిచి చూసింది కాదు. అయినా వంగేకొద్దీ భారం పెరుగుతుందన్నది మనకు ఒంటికి తెలిసిన సంగతే.

ఇప్పుడు మన లెక్క వేసుకుందాం. కొమ్మల మేత వచ్చాక ఆకు ఒక్కటే కాదు, కట్టె బరువు కూడా మోస్తున్నాం. మోపు 25 కిలోలు అనుకోండి. పెద్ద మేతలో రోజుకు పన్నెండు మోపులు అనుకోండి. రోజుకు 300 కిలోలు. ఏడు రోజులకు 2,100 కిలోలు. ఏడాదికి ఐదు పంటలు తీసినా పది టన్నులు దాటుతుంది. ఒక లారీ సరుకు ఏడాదికొకసారి ఒకే మనిషి మెడ మీదుగా దిగుతోందన్నమాట. మీ మోపు బరువు, మీ పంటల లెక్క వేరే ఉండొచ్చు. ఒకసారి మోపును కాటా మీద పెట్టి తూచి చూడండి. ఎరువుల లెక్క, ఆకు లెక్క రాసే పుస్తకంలోనే ఈ లెక్క కూడా రాయండి.

"మా అమ్మ కూడా నెత్తినే మోసింది, ఆమెకేమైంది?" అని కొందరు అంటారు. మొదటి సంగతి, అమ్మకు ఏమైందో మనం అడగలేదు. రాత్రిపూట వేడి ఇటుకను గుడ్డలో చుట్టి మెడకు కాపుకున్న అమ్మలు మనలో చాలామందికి గుర్తే. రెండో సంగతి, అప్పుడు ఆకు గిల్లి గంపల్లో తెచ్చేవాళ్ళు, తట్టల్లో కొద్దిపాటి పురుగులు మేపేవాళ్ళు. ఇప్పుడు ఒకే దెబ్బకు 200, 300 గుడ్లు మేపుతున్నాం. పురుగు తన జన్మ మొత్తంలో తినే ఆకులో ఎనభై శాతానికి పైగా ఆ ఆఖరి దశలోనే తింటుంది. అంటే బరువంతా ఏడెనిమిది రోజుల్లో కుప్పగా వచ్చి పడుతుంది. పంట పెరిగింది, మోపు పెరిగింది. మెడ మాత్రం అమ్మ ఇచ్చిన మెడే.

చక్రం మీదికి మార్చుదాం

చాలా ఇళ్ళల్లో తోటలో మోటారు ఉంది, డ్రిప్పు ఉంది, ఆకు మీద మందు కొట్టే పవర్ స్ప్రేయర్ ఉంది. మోపు మోసేదానికి మాత్రం చుట్టకుదురు ఉంది. ఇది డబ్బు లేక జరిగింది కాదు. యంత్రం ఏది కొనాలో చెప్పేది ఎక్కువగా మగవాళ్ళు, మోపు ఎత్తుకొని నడిచేది ఎక్కువగా ఆడవాళ్ళు. నొప్పి ఒకరిది, పర్సు ఇంకొకరిది. మాలో మగవాళ్ళం కూడా ఉన్నాం కాబట్టి ఈ మాట మమ్మల్ని మేము అనుకుంటున్నాం. మా ఇళ్ళల్లోనూ తోపుడు బండి వచ్చింది అన్నిటికన్నా చివర.

"గెనిమ మీద బండి పోదు" అనే మాట మేమూ అన్నాం. గెనిమ మీద పోదు, నిజమే. సాళ్ళ మధ్య పోతుంది. జంట వరసల పద్ధతిలో, అంటే మూడడుగులకు రెండు వరసలు వేసి తర్వాత ఐదడుగులు వదిలి నాటిన తోటలో, ఆ ఐదడుగుల సందు చిన్న ట్రాక్టరుకే చాలు. ఒంటి చక్రం బండికి, రెండు చక్రాల తోపుడు బండికి అది రాజబాట. పాత తోట ఇరుకుగా ఉంటే, మధ్యలో ఒక్క వరస తీసేసి దారి చేసుకున్నా మిగతా వరసల ఆకు ఆ దారికి తేవచ్చు. కొత్తగా నాటేవాళ్ళు మాత్రం నాటక ముందే షెడ్డు వాకిలి దాకా బండి దారి గీసుకోండి. తర్వాత దారి దొరకదు.

బండి ఇప్పుడే కొనలేనివాళ్ళు మూడు పనులు చెయ్యొచ్చు. ఒకటి, మోపు చిన్నది కట్టండి. పన్నెండు పెద్ద మోపుల బదులు ఇరవై చిన్నవి. నడక పెరుగుతుంది, నిజమే. అయినా ఒక్కొక్క ఎత్తు మెడకు తట్టుకునేంతలో ఉంటుంది. రెండు, గెనిమ దాకా తెచ్చిన మోపుల్ని ఎక్సెల్ బండి మీద వేసి షెడ్డుకు తోలండి. మూడు, మోపు ఎత్తేటప్పుడు, దించేటప్పుడు తోడు మనిషి తప్పకుండా ఉండాలి. ఒంటరిగా నేల మీద నుంచి నెత్తికెత్తే ఆ క్షణంలో, మెడ పక్కకు తిరిగి ఉండగా బరువు పడితే పట్టేస్తుంది. మెడ అప్పటికే నొస్తున్నవాళ్ళు, చెయ్యి తిమ్మిరెక్కేవాళ్ళు మాత్రం చిన్న మోపు కూడా నెత్తిన పెట్టుకోకూడదు.

షెడ్డు లోపల

మోపు దిగింది, పని అయిపోలేదు. షెడ్డులో మెడను వంచేవి ఇంకా నాలుగు చోట్లు ఉన్నాయి.

స్టాండు కింది అంతస్తు. నడుము వంచి, తల లోపలికి దూర్చి, మళ్ళీ ముందుకు చూడ్డానికి మెడ పైకెత్తుతాం. నడుము కిందికి, మెడ పైకి, తాబేలు మాదిరి. కింది అంతస్తుకు మేత వేసేటప్పుడు చిన్న పీట వేసుకొని కూర్చోండి. చూపు పురుగుల ఎత్తుకు దిగుతుంది, మెడ నిటారుగా ఉంటుంది. పై అంతస్తుకు చెయ్యి చాపి, తల వెనక్కి వాల్చి వేయడం కూడా అంతే చెడ్డది. గట్టి మెట్టు పీట ఒకటి వేసుకోండి. స్టాండు ఐదడుగుల వెడల్పు ఉంటే రెండు పక్కలా నడిచే దారి వదలండి. ఒక పక్క గోడకు ఆనించి పెడితే అవతలి పడక అందుకోవడానికి ప్రతి మేతకూ మెడ సాగాల్సిందే.

పండిన పురుగులు ఏరడం. ఆ ఒకటిన్నర రోజు ఎవరూ తల ఎత్తరు. పురుగు ఆగదు, నిజం. మనుషులు మాత్రం మారొచ్చు. ఒకరు గంట ఏరితే, తర్వాత గంట వాళ్ళు చంద్రికలు అందించే పనికి పోవాలి. పని అదే, మెడ వంపు మారుతుంది.

గూళ్ళు తీసి పీచు ఒలవడం. నేల మీద కూర్చొని, ఒళ్ళో తట్ట పెట్టుకొని, గడ్డం రొమ్ముకు తగిలేలా గంటలు గంటలు. ఆ తట్టను మంచం మీద పెట్టి మనం కింద పీట మీద కూర్చున్నా, బల్ల ముందు కుర్చీ వేసుకున్నా మెడ వంపు సగానికి సగం తగ్గుతుంది. పైసా ఖర్చు లేని మార్పు ఇది.

షెడ్డు కడిగి మందు కొట్టడం. 16 లీటర్ల క్యాను నిండా నింపి వీపుకు తగిలించుకొని, కప్పు వైపు తల వెనక్కి వాల్చి కొడతాం. భుజాల పట్టీలు కింద లాగుతుంటాయి, తల వెనక్కి మడిచి ఉంటుంది. క్యాను సగమే నింపండి. పొడుగు గొట్టం తగిలించండి, అప్పుడు దూరంగా నిలబడి కొట్టొచ్చు, తల అంతగా వాల్చక్కర్లేదు.

ఇంకొక మాట. పురుగు జ్వరానికి పోయేటప్పుడు తల పైకెత్తి కదలకుండా ఉండిపోతుంది. అప్పుడు మనం మేత ఆపుతాం, సున్నం చల్లి పడక ఆరబెడతాం, తలుపు కూడా మెల్లగా తీస్తాం. నాలుగు సార్లు దానికి ఆ విశ్రాంతి ఇస్తాం, ఇవ్వకపోతే పంట పోతుందని మనకు తెలుసు. ఆ రోజు షెడ్డులో మనకూ పని తక్కువే. ఆ రోజునైనా ఇంట్లో మోసేవాళ్ళ మెడకు జ్వరం రోజు అనుకొని సెలవియ్యండి. ఇంకో బరువు పని వెతికి పెట్టొద్దు.

రాత్రి, ఫోను

పెద్ద మేతలో చాలామంది షెడ్డు వసారాలోనే పడుకుంటారు. తల కింద మడిచిన గోనెసంచి, లేకుంటే చెయ్యి. దిండు ఎత్తు ఎంత ఉండాలంటే, పక్కకు పడుకున్నప్పుడు మెడ, వెన్ను ఒకే గీతలో ఉండాలి. అంటే భుజానికీ చెవికీ మధ్య సందు నిండేంత. వెల్లకిలా పడుకునేవాళ్ళకు అంతకన్నా పలచగా. బోర్లా పడుకుంటే మెడ రాత్రంతా ఒక పక్కకు తిరిగే ఉంటుంది, అది మానుకోవాలి.

పడుకొని గోడకు తల ఆనించి ఫోనులో శిడ్లఘట్ట ధర, రామనగర ధర చూసుకోవడం మనందరి అలవాటే. ఈ ఉత్తరం కూడా మీరు అట్లాగే చదువుతుండొచ్చు. ఫోనును కళ్ళ ఎత్తుకు తీసుకురండి, తలను ఫోను దగ్గరికి దించొద్దు.

నొప్పి వచ్చాక

మెడ పట్టేసిన నొప్పి చాలామందికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. ఆ రోజుల్లో మోపు, క్యాను బంద్. అట్లాగని మంచానికి అంటుకొని పోవద్దు. నొప్పి ఓర్చుకోగలిగినంత మేరకు మెడను మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ, మామూలు పనులు చేసుకుంటూ ఉంటేనే తొందరగా వదులుతుంది. వేడి నీళ్ళ సంచితో పావుగంట కాపడం మంచిది. చర్మం కాలనంత వేడి చాలు. పట్టీ కాలరు డాక్టరు చెప్పకుండా పెట్టుకోవద్దు. వారాల తరబడి పెట్టుకుంటే కండరాలు బలం కోల్పోతాయి.

నొప్పి కాస్త తగ్గాక ఈ మూడు రోజూ చేయండి. నిటారుగా కూర్చొని, గడ్డం దించకుండా, తలను నేరుగా వెనక్కి లాగండి, ఐదు లెక్కపెట్టి వదలండి. భుజాల వెనక రెక్కల ఎముకల్ని దగ్గరికి పిండి, ఐదు లెక్కపెట్టి వదలండి. అరచెయ్యి నుదుటికి ఆనించి, తల కదలకుండా తలతో చేతిని, చేతితో తలను నెట్టండి, తర్వాత వెనక నుంచి, రెండు పక్కల నుంచి అదే మాదిరి. ఒక్కొక్కటి పది సార్లు. మేతకూ మేతకూ మధ్య ఐదు నిమిషాల పని. చేస్తుంటే చెయ్యి తిమ్మిరెక్కినా, నొప్పి చేతిలోకి దిగినా ఆపేయండి.

మాత్రల సంగతి. మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు పంటంతా మింగేవాళ్ళు మనలో ఉన్నారు. అవి కడుపులో పుండ్లు తెస్తాయి, మూత్రపిండాలను దెబ్బ తీస్తాయి, బీపీ పెంచుతాయి. నొప్పి సూదిలో స్టెరాయిడ్ ఉంటే షుగరున్నవాళ్ళకు షుగరు ఎగబాకుతుంది. అన్నిటికన్నా పెద్ద చెడు ఏమిటంటే, మాత్ర నొప్పిని మూసేస్తుంది, మనం మళ్ళీ మోపు ఎత్తుకుంటాం.

క్షౌరం చేయించుకున్నాక మెడను ఒక్కసారిగా తిప్పి "టక్" అనిపించుకోవడం ఇంకొకటి. హాయిగా ఉంటుందని చాలామంది అడిగి మరీ చేయించుకుంటారు. మెదడుకు రక్తం తీసుకుపోయే నాళాలు రెండు ఆ మెడ ఎముకల గుండానే పోతాయి. గట్టిగా మెలిపెట్టినప్పుడు వాటి గోడ చిరిగే ప్రమాదం ఉంది. అరుదే, గాని జరిగితే పక్షవాతం. దయచేసి చేయించుకోవద్దు.

ఆలస్యం చేయకూడని గుర్తులు

మాలో ఒకరి ఇంట్లో జరిగింది చెబుతాం. ఇల్లాలికి ఒక పంటలో కుడి చెయ్యి తిమ్మిరి మొదలైంది. ఇంకో పంటకు బొటనవేలు, చూపుడువేలు మొద్దుబారి, పండిన పురుగును పట్టుకుంటే పట్టుకున్నట్టు తెలియలేదు. గ్లాసు చేతిలో నుంచి జారిపడ్డ రోజు గాని మేము ఆసుపత్రికి కదల్లేదు. మెడలో నరం ఒత్తుకుందన్నారు. ఆరు వారాలు బరువు ముట్టొద్దన్నారు. ఆ పంట సగానికి తగ్గించి మేపినాం. అప్పుడు అర్థమైంది, తోపుడు బండి ఖరీదు ఎక్కువని వెనకాడి ఎంత పోగొట్టుకున్నామో. ఆమె ఇప్పుడు బాగుంది, మోపు మాత్రం ఎత్తదు. ఎత్తనివ్వం.

చెయ్యి బలం తగ్గడం, వస్తువులు జారిపోవడం, గుండీలు పెట్టుకోలేకపోవడం, నడకలో తూలడం, మూత్రం మీద పట్టు తప్పడం, జ్వరంతో పాటు మెడ బిగుసుకుపోవడం, చెట్టు మీది నుంచో బండి మీది నుంచో పడ్డాక వచ్చిన మెడ నొప్పి: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పంట అయ్యేదాకా ఆగొద్దు. ఆ రోజే పోవాలి. మెడ నొప్పితో పాటు ఛాతీ బిగబట్టినట్టుండి, చెమటలు పడితే అది గుండె కావచ్చు, నిమిషం కూడా ఆగకూడదు. ఇవేవీ లేకపోయినా ఆరు వారాలకూ తగ్గని నొప్పికి డాక్టరును చూడాల్సిందే. పెద్ద ఆసుపత్రిలో ఫిజియోథెరపీ ఉందా అని అడగండి.

మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు కొందరికి ఇంటి తెలుగు తప్ప బయటి భాష అంతగా రాదు. డాక్టరు దగ్గర "నొప్పి" అన్న ఒక్క మాటతో ఆగిపోతారు, సూది వేయించుకొని వచ్చేస్తారు. కన్నడంలో మెడ నొప్పిని "కుత్తిగె నోవు" అంటారు, తిమ్మిరిని "జోము" అంటారు. తమిళంలో "కళుత్తు వలి", తిమ్మిరెక్కితే "మరత్తుప్పోగుదు". మరాఠీలో "మాన దుఖతే". ఒడియాలో మెడను "బెక" అంటారు. దీనికి తోడు మూడు సంగతులు తప్పక చెప్పండి: నొప్పి ఎక్కడిదాకా దిగుతోంది, ఏ వేలు మొద్దుబారుతోంది, రోజుకు ఎంత బరువు నెత్తిన మోస్తున్నారు. మూడోది మనం చెప్పకపోతే డాక్టరుకు ఎట్లా తెలుస్తుంది?

చివరిగా మా మనవి. తర్వాతి చాకీ పురుగులు ఇంటికి తెచ్చేలోపు ఒక్క మార్పు చేయండి. బండి కొనగలిగితే బండి. లేకుంటే చిన్న మోపు, కింది అంతస్తుకు పీట, గూళ్ళ తట్టకు మంచం. ఇంట్లో మోపు మోసేవాళ్ళను, "మెడ ఎట్లుంది?" అని ఈ రోజే అడగండి. "ఏం లేదులే" అంటారు. రెండోసారి అడగండి.

ఏం మార్చినారో గొంతు సందేశం పెట్టండి, బండి దారి ఎట్లా చేసుకున్నారో ఫోటో పెట్టండి. వచ్చే ఉత్తరంలో అందరికీ పంపుతాం. ఈసారి ఎవరైనా మెడ నొప్పి అని అడిగితే, మాత్ర పేరు చెప్పేముందు మోపు సంగతి అడుగుదాం.

పంట బాగా రావాలి. తీసినవాళ్ళూ బాగుండాలి.